హో వారి అమ్మాయికి పుట్టింటివాళ్ళం

టెక్సాస్‌లోని మా ఇర్వింగ్‌లో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, నా ఉద్యోగం పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు పేపర్ ప్లేటు పట్టుకుని కాస్త వెనక్కి జరిగేవారు. జెనెటిక్ కౌన్సెలర్ అంటే పెళ్ళిళ్ళు చెడగొట్టే మనిషని మనవాళ్ళలో ఒక అభిప్రాయం. ఈమధ్యే రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు ధైర్యంగా దగ్గరికొచ్చి కూర్చుంటున్నారు. వాళ్ళ పిల్లల్లో కొందరు ఇదే కోర్సులో చేరారట. "ఆంటీ, జాబ్ ఎలా ఉంటుంది?" అని అడుగుతున్నారు.

వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను చెడగొట్టిన పెళ్ళి ఒక్కటీ లేదు. నిలబెట్టిన పెళ్ళి మాత్రం ఒకటుంది. అందులో పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని నడిచింది నేనే. గొప్పలు చెప్పుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. ఇన్నేళ్ళు నోరు కట్టుకుని పనిచేశాను, ఇప్పుడు కాస్త చెప్పుకుంటాను. ఇందులో ఉన్నవాళ్ళందరూ రాయమని ఒప్పుకున్నవాళ్ళే. పేర్లు మార్చాను. ఇంటిపేర్లు మాత్రం మార్చలేదు, అవి మారిస్తే కథే లేదు.

గదిలో జరిగేది

పని చెప్పడానికి చాలా చిన్నది. ఒక జంట వస్తుంది. పిల్లలు కావాలనుకుంటున్నవాళ్ళో, స్కానింగ్‌లో ఏదో కనబడి భయపడినవాళ్ళో, ఇంట్లో ఒక జబ్బు తరతరాలుగా వస్తున్నవాళ్ళో. వాళ్ళ కుటుంబాన్ని కాగితం మీద గీస్తాం. మగవాళ్ళకి చతురస్రాలు, ఆడవాళ్ళకి సున్నాలు, మధ్యలో గీతలు. దగ్గర చుట్టాలు పెళ్ళి చేసుకుంటే వాళ్ళ మధ్య రెండు గీతలు గీస్తాం. ఆ తర్వాత ఏ పరీక్ష చేయించుకోవచ్చు, వచ్చిన ఫలితానికి అర్థం ఏమిటి, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఏం చేయాలో చెప్పకూడదు. అది వాళ్ళిష్టం.

చదువుకునేటప్పుడు ఇదంతా జన్యువుల శాస్త్రమనే అనుకున్నాను. చేరాక తెలిసింది, సగం పని వినడమేనని. జనం అడిగే ప్రశ్న ఒకటుంటుంది, వాళ్ళని నిద్రపోనివ్వనిది ఇంకొకటుంటుంది.

మా బాస్ డాక్టర్ మార్గరెట్. టెక్సాస్‌లో పశువుల రాంచ్ మీద పుట్టిన మనిషి. ఆవుల వంశాలు చూస్తూ పెరిగానని తనే చెప్పేది. మహా తెలివైనది, మాట కత్తి. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నంత ఏ యూనివర్సిటీలోనూ నేర్చుకోలేదు. అయితే ఆవిడకి ఒక జబ్బుండేది. నిజం చెప్పేస్తే పని అయిపోయిందనుకునేది. ఎదురుగా ఉన్న మనిషి ఇంకా కూర్చునే ఉన్నా, ఆవిడ అప్పటికే లేచి నిలబడేది.

లలితగారి గోత్రం

మొదట మనవాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. ఇది తెలియకపోతే తర్వాతది అర్థం కాదు.

మా ఊళ్ళోనే లాస్ కొలినాస్‌లో ఉండే లలితగారు ఒకసారి కూతుర్ని వెంటబెట్టుకుని మా క్లినిక్‌కి వచ్చారు. కూతురు ప్రేమించిన అబ్బాయి అన్ని విధాలా బావున్నాడు, కానీ వాళ్ళది, వీళ్ళది ఒకే గోత్రం. అంటే అన్నాచెల్లెళ్ళ లెక్క. రక్తపరీక్షలో ఏమైనా తేలుతుందేమో చూడమని ఆవిడ ప్రాధేయపడ్డారు. ఇద్దరి కుటుంబాలూ గీశాను. ఎక్కడా చుట్టరికం లేదు. మరి లలితగారి సంగతి ఏమిటని గీస్తే, ఆవిడ చేసుకున్నది సొంత మేనమామ కొడుకుని. నేను అక్కడ రెండు గీతలు గీయగానే మార్గరెట్ పెన్ను కింద పెట్టేసింది.

"అసలు చూడాల్సినది ఈవిడ పెళ్ళి. ఈవిడేమో కూతురి పెళ్ళి గురించి ఏడుస్తోంది" అని నాతో పక్కగదిలో అంది. శాస్త్రం ప్రకారం నూటికి నూరుపాళ్ళు కరెక్టు.

నేను మాత్రం లలితగారి భయాన్ని ఎగతాళి చేయలేకపోయాను. మాది బాపట్ల దగ్గర. మూడు తరాలుగా క్రైస్తవులం. మాకు గోత్రాలు లేవు. కానీ మా నాన్న ఇంటిపేరు ఉన్న మగవాడు అమెరికాలో ఎక్కడ కనబడినా, ముక్కూమొహం తెలియకపోయినా, నా నోటికి "అన్నయ్యా" అనే వస్తుంది. బాప్తిస్మం ఇంటిపేరుని తాకలేదు. అదే మేనత్త కొడుకైతే బావ. వరసైనవాడు. ఈ లెక్క జన్యువులది కాదు. ఎవరు ఏ ఇంటివాళ్ళు అన్నదాని లెక్క.

చివరికి ఆ పెళ్ళి ఎలా జరిగిందంటే, లలితగారి తమ్ముడు మేనకోడల్ని దత్తత తీసుకున్నాడు. పీటల మీద కూర్చుని కన్యాదానం ఆయనే చేశాడు. పిల్ల గోత్రం మారింది, చిక్కు విడిపోయింది, అందరూ హాయిగా భోంచేశారు. మనవాళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఆ రోజు ఆ విందులో కూర్చుని, పులిహోర తింటూ, ఇంత తేలికైన మందు మా క్లినిక్‌లో లేదే అనుకున్నాను.

ఒకే వంటిల్లు

మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. ఒక కొరియన్ చర్చి వాళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నాలు మాకు అద్దెకిస్తారు. వాళ్ళ ఆరాధన అయ్యాక మాది. వంటిల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. వాళ్ళు ముల్లంగి పులుసు గిన్నెలు కడుగుతుంటే మేము పక్క పొయ్యి మీద తాలింపు పెడుతుంటాం. మొదట్లో కరివేపాకు చిటపటకి వాళ్ళు దగ్గేవాళ్ళు, పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి, అదే కిమ్చీ, డబ్బా మూత తీస్తే మావాళ్ళు తలుపు తెరిచేవాళ్ళు. తర్వాత తర్వాత గిన్నెలు మారడం మొదలైంది.

ఆ వంటింటికి మహారాణి ఒక పెద్దావిడ. హల్మోనీ అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ, నానమ్మ. చర్చి మొత్తం ఆవిడని అలాగే పిలిచేది, మేమూ అంతే. భర్తతో కలిసి ఏళ్ళ తరబడి డ్రై క్లీనింగ్ షాపు నడిపింది. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు, కానీ ఆ ముక్కలతోనే ఎవరినైనా నిలబెట్టి కడిగేయగలదు. మా గరిటెలు వాళ్ళ అరలో పెడితే ఊరుకునేది కాదు.

ఆవిడకున్నది ఒక్క మనవరాలు, గ్రేస్ హో. కొడుకూ కోడలూ కారు ప్రమాదంలో పోతే, నడక కూడా సరిగ్గా రాని పిల్లని హల్మోనీయే పెంచింది. గ్రేస్ ఫిజికల్ థెరపిస్ట్. మా తెలుగు పిల్లలతో తిరిగి తిరిగి నన్ను "కరుణ ఆంటీ" అని పిలవడం అలవాటు చేసుకుంది.

ఏ ఊరి కిమ్

గ్రేస్ డేనియల్ కిమ్ అనే కుర్రాణ్ణి ఇష్టపడింది. కొరియన్లలో కిమ్‌లు ఎంతమందంటే, ఆ దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ ఇంటిపేరువాళ్ళే. కాబట్టి వాళ్ళలో కిమ్ అంటే సరిపోదు, ఏ ఊరి కిమ్ అని అడగాలి. వంశం ఏ ఊళ్ళో మొదలైందో ఆ ఊరి పేరు ప్రతి ఇంటిపేరుకీ ముందుంటుంది. మన గోత్రం లాగే అనుకోండి. ఒకే ఊరి, ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకోవడానికి మొన్నమొన్నటివరకూ అక్కడ చట్టమే ఒప్పుకునేది కాదు. కోర్టు కొట్టేశాక మారింది. చట్టం మారినంత తొందరగా నానమ్మలు మారరు.

హల్మోనీ డేనియల్‌కి మంచి భోజనం పెట్టి, పళ్ళు కోసి పెట్టి, ఆ ప్రశ్నే అడిగింది. డేనియల్ ఇక్కడే, పక్కనున్న ప్లేనోలో పుట్టి పెరిగినవాడు. వాడికేం తెలుసు. అక్కడే కూర్చుని వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. ఆయన గర్వంగా "మనం కిమ్హే కిమ్‌లం, రాజుగారి వంశం" అన్నాడు. వీడు అదే గర్వంతో ఆ మాట హల్మోనీకి చెప్పాడు. ఆవిడ పళ్ళ ప్లేటు వెనక్కి తీసుకుంది.

ఎందుకంటే గ్రేస్ వాళ్ళది కిమ్హే హో. వాళ్ళ పాత కథ ప్రకారం, దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట కిమ్హేలో కిమ్ వంశపు మొదటి రాజు ఉండేవాడు. అయుత అనే దూరదేశం నుంచి ఎర్ర తెరచాప ఓడలో ఒక రాజకుమారి వచ్చి ఆయన్ని పెళ్ళాడింది. ఆవిడ ఇంటిపేరు హో. పదిమంది కొడుకులు పుట్టాక, నా పేరు నాతోనే పోతుందా అని బాధపడిందట. సరేనని రాజు ఇద్దరు కొడుకులకి ఆవిడ ఇంటిపేరు ఇచ్చాడు. ఆ కొడుకుల సంతానమే హోలు. మిగతావాళ్ళ సంతానం కిమ్హే కిమ్‌లు. ఇప్పుడు కిమ్హే కిమ్‌లు ఆ దేశంలోకెల్లా పెద్ద వంశం. హోలు వాళ్ళ ముందు గుప్పెడు, అయినా లక్షల్లో ఉన్నారు. ఇంటిపేర్లు వేరైనా తల్లీతండ్రీ ఒకరే కాబట్టి, వీళ్ళూ వాళ్ళూ అన్నదమ్ములు. పెళ్ళి కూడదు.

"ఆంటీ, ఇట్స్ టూ థౌజండ్ ఇయర్స్" అని గ్రేస్ వంటింట్లో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. "డిఎన్ఏ టెస్ట్ చేయించి హల్మోనీకి చూపిస్తాం. మీ క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ బుక్ చేశాను."

రిపోర్ట్ గెలిచింది

తెలిసినవాళ్ళ కేసు వస్తే బాస్‌కి ముందే చెప్పాలి. చెప్పాను. మార్గరెట్ ఆ కేసు తనే తీసుకుని, నన్ను మూల కుర్చీలో కూర్చోమంది. అది సరైన పద్ధతే, మీరూ అలాగే చేయండి.

ఫలితాలు వచ్చిన రోజు హల్మోనీ చర్చికి వేసుకునే కోటు వేసుకుని వచ్చింది. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్. మార్గరెట్ రంగురంగుల చార్ట్ తెరిచి, చుట్టరికం లేని ఏ ఇద్దరు కొరియన్లకి ఎంత పోలిక ఉంటుందో వీళ్ళిద్దరికీ అంతే ఉందని, పుట్టబోయే పిల్లలకి దీనివల్ల వచ్చే ముప్పు ఏమీ లేదని వివరించింది. ఇంకా ఒక మాట కలిపింది.

"ఇది కేవలం పాత నమ్మకం. దీన్ని మీరిక వదిలేయొచ్చు."

ఇంటర్‌ప్రెటర్ ఆ మాటని ఎలా చెప్పిందో నాకు తెలియదు. హల్మోనీ లేచి, వంగి నమస్కారం చేసి, రిపోర్ట్‌ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. "థాంక్యూ డాక్టర్" అంది. గ్రేస్, డేనియల్ కారిడార్‌లో ఒకరినొకరు వాటేసుకున్నారు. మార్గరెట్ నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది, చూశావా అన్నట్టు.

నాకు మాత్రం అది ఒప్పుకోలులా అనిపించలేదు. షాపులో బట్టలు పాడయ్యాయని పేచీ పెట్టే కస్టమర్‌కి కూడా ఆవిడ అలాగే వంగి థాంక్యూ చెప్పడం నేను చూశాను.

అనుకున్నట్టే అయింది. పెళ్ళి మీరు చేసుకోండి, నేను రాను అని చెప్పేసింది. అరవలేదు, తిట్టలేదు. గ్రేస్‌కి వండి పెడుతూనే ఉంది. కానీ ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. గ్రేస్ నాతో ఒక మాట అంది. "హల్మోనీ లేని పెళ్ళి నాకు వద్దు ఆంటీ. డేనియల్‌కి చెప్పేస్తాను." డేనియల్ తొడిగిన ఉంగరం తీసి పర్సులో పెట్టుకుని తిరుగుతోంది.

కొత్తగా వస్తున్న పిల్లలకి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మార్గరెట్ చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ఆ రోజు ఆ గదిలో పని చెడింది, ఎందుకంటే హల్మోనీ అడగని ప్రశ్నకి మేము జవాబు చెప్పాం. ఆవిడ భయం పిల్లలకి ఏదో జబ్బు వస్తుందని కాదు. మరి దేనికి భయపడుతోందో మాలో ఒక్కరం కూడా అడగలేదు.

గిన్నెలు కడుగుతూ

మా క్లినిక్‌లో ఆ కేసు మూసేశాం. ఆ తర్వాతి ఆదివారం నేను కౌన్సెలర్‌గా కాదు, పక్క పొయ్యి మనిషిగా హల్మోనీ దగ్గరికి వెళ్ళాను. పెద్ద పులుసు గిన్నె తోముతోంది. నేనూ ఒక స్క్రబ్బర్ తీసుకున్నాను. అడగాల్సింది అప్పుడు అడిగాను.

"హల్మోనీ, ఈ పెళ్ళి జరిగితే ఏమవుతుందని మీ భయం?"

గిన్నె గీకడం ఆపకుండానే, తన ముక్కల ఇంగ్లీషులో చెప్పింది. "నేను యూన్ ఇంటి పిల్లని. హో ఇంటికి కోడలిగా వచ్చాను. మా ఆయన పోయాడు, కొడుకు పోయాడు. హో ఇంట్లో మిగిలింది ఈ పిల్ల. రేపు నేను పైకి వెళ్తాను. మా ఆయన అడుగుతాడు, పిల్లని ఎవరికిచ్చావు అని. ఏం చెప్పను? దాని అన్నకి ఇచ్చాను అని చెప్పనా?"

ఏ టెస్టులో వస్తుంది దీనికి జవాబు. కళ్ళు తుడుచుకుని, పేరు బయటపెట్టకుండా లలితగారి కథ చెప్పాను. మేనమామ కొడుకుని చేసుకుందనగానే హల్మోనీ స్క్రబ్బర్ కింద పెట్టేసింది.

"మేనమామ కొడుకునా? ఛీ. అది ఇంకా తప్పు."

"మీకు తప్పు. మాకు వరస."

"మీ వాళ్ళకి బుద్ధి లేదు" అని మనస్ఫూర్తిగా అంది. కానీ గోత్రం అన్నచోట మాత్రం తల ఊపింది. అక్కడ లలితగారికి ఏం బాధో ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. మేనమామ దత్తత తీసుకుని కన్యాదానం చేశాడని చెబితే, కుళాయి సన్నగా తిప్పి, ఆ ముక్క మళ్ళీ చెప్పించుకుంది.

"గ్రేస్‌కి మేనమామ లేడు" అంది చివరికి. "వాళ్ళమ్మ ఒక్కతే కూతురు. అటువైపు ఎవరూ లేరు."

నాకు ఎప్పటినుంచో ఒక సందేహం ఉంది, ఇక అడిగేశాను. "హల్మోనీ, ఆ రాణిగారి ఇంటిపేరు హో కదా. రాజుగారిది కిమ్ కదా. మరి కిమ్‌కి హోని ఎలా ఇచ్చారు?"

నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది. "ఆవిడ బయటినుంచి వచ్చింది. అప్పుడు వాళ్ళు అన్నాచెల్లెళ్ళు కాదు. ఓడలో వచ్చింది. సముద్రం దాటి. మీ దేశం నుంచి..."

అక్కడ ఆగింది. కుళాయి కట్టేసింది. నన్ను పైనుంచి కిందకి, అదే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఏళ్ళ తరబడి ఆవిడ పక్కన గిన్నెలు కడిగిన మనిషిని. తర్వాత డేనియల్‌ని అడిగిన ప్రశ్నే నన్నూ అడిగింది.

"నీది ఏ ఊరు?"

"బాపట్ల."

"సముద్రం ఉందా?"

"ఉంది."

"ఓడలు?"

"పడవలున్నాయి."

సరిపోయిందన్నట్టు తల ఊపింది. ఎటు పోతోందో అర్థమైంది: గ్రేస్ మా ఇంటి పిల్లయితే, రాణిగారిలాగే బయటినుంచి వచ్చినది అవుతుంది, అన్నాచెల్లెళ్ళ లెక్క పోతుంది. ఇన్నేళ్ళు పరీక్షలు, ఆధారాలు అంటూ బతికినదాన్ని, ఊరుకోలేకపోయాను.

"హల్మోనీ, ఒక్క మాట. ఆ రాణి ఎక్కడినుంచి వచ్చిందో చదువుకున్నవాళ్ళే తేల్చలేదు. కొందరు ఉత్తరాన అయోధ్య అంటారు, కొందరు దక్షిణం అంటారు, అసలు ఇదంతా కథే అనేవాళ్ళూ ఉన్నారు. నా దగ్గర ప్రూఫ్ లేదు."

"ప్రూఫ్ ఆ డాక్టర్ ఇచ్చింది" అంది హల్మోనీ, హ్యాండ్‌బ్యాగ్ వైపు గడ్డంతో చూపిస్తూ. "నిన్ను ప్రూఫ్ అడగలేదు. పిల్లని తీసుకుంటావా, లేదా?"

తీసుకుంటానన్నాను. తడి చేతులతోనే నా రెండు చేతులూ పట్టుకుంది. అప్పుడు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా తెలుగు ఆడవాళ్ళు తాలింపు మాడ్చుకుని మరీ మా చుట్టూ చేరారు.

ఎర్ర తెరచాప

ఇంటికొచ్చి ప్రభాకర్‌కి చెబితే మా ఆయన కాఫీ పక్కన పెట్టాడు. "అయోధ్య ఎక్కడ, బాపట్ల ఎక్కడ? అయినా మనకి కూతుళ్ళు లేరుగా. కానివ్వు" అన్నాడు.

మార్గరెట్‌కి కూడా చెప్పాను, దాచకూడదు. అంతా విని, "ఇది సైంటిఫిక్‌గా ఏమిటి?" అంది. సైంటిఫిక్‌గా ఏమీ కాదు, ఆ భాగం మీరు ఎప్పుడో ఇచ్చేశారు అన్నాను. "అయితే నువ్విక వాళ్ళ కౌన్సెలర్‌వి కావు, వాళ్ళమ్మవి. వాళ్ళు మళ్ళీ ఇక్కడికొస్తే నువ్వు గదిలో ఉండకూడదు" అంది. వెంటనే, "పెళ్ళికి నేను రావచ్చా?" అని అడిగింది.

హల్మోనీ షరతులు పెట్టింది. పిల్ల పెళ్ళికి ముందు మా ఇంట్లో ఉండాలి, మా చేతి వంట తినాలి, మా గుమ్మం నుంచే బయల్దేరాలి. గ్రేస్ సూట్‌కేస్‌తో దిగింది. పొద్దున్నే పెసరట్టు, మధ్యాహ్నం పప్పుచారు. మా ఆయన రోజూ ఆఫీస్ నుంచి వస్తూ "మా అమ్మాయి ఏం తింది?" అని అడగడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం గ్రేస్ వంటింటి గట్టు మీద కూర్చుని, "మామ్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. "అమ్మ" అన్నాను. "సేమ్ యాజ్ కొరియన్, ఆల్మోస్ట్" అని నవ్వింది. ఆ మాటకి నాకు రెండు రోజులు ఒళ్ళు తెలియలేదు.

చివరి షరతు ఓడ. రాణిగారు ఓడలో వచ్చింది కాబట్టి పిల్ల కూడా నీళ్ళ మీదుగా రావాలి. డేనియల్ భయపడుతూనే, లాస్ కొలినాస్ కాలవలో టూరిస్టులని తిప్పే చిన్న పడవ ఉంటుంది కదా అన్నాడు. హల్మోనీ వెళ్ళి చూసి, ఓడ చిన్నదే కానీ నీళ్ళు ఉన్నాయి అని పాస్ చేసింది. పెళ్ళిరోజు పొద్దున ఆ పడవకి నా ఎర్ర కంచిపట్టు చీర తెరచాపలా కట్టారు. నేను ఇంకో ఎర్ర చీర కట్టుకుని గ్రేస్ పక్కన కూర్చున్నాను. గట్టు మీద జాగింగ్ చేసేవాళ్ళు ఆగి ఫోన్లు తీశారు. ఆఫీసుల మధ్య కాలవలో, ఎర్ర చీర గాలికి ఎగురుతుంటే, నేను నిజంగానే ఏదో రాజ్యం నుంచి వస్తున్నట్టు మెడ నిలబెట్టి కూర్చున్నాను. నాకు సిగ్గేమీ అనిపించలేదు.

చర్చి గుమ్మం దగ్గర డేనియల్ పెదతాత కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. కిమ్‌ల తరఫున పెద్ద. ఈ పెళ్ళి ఆయనకీ ఇష్టం లేదని, మాట ఏదైనా వస్తే ఆయన దగ్గరే వస్తుందని డేనియల్ ముందే హెచ్చరించాడు. ఆయన గ్రేస్‌ని చూశాడు, ఎర్ర చీరలో నల్లటి నన్ను చూశాడు, కొరియన్‌లో ఏదో అడిగాడు. ఎవరీవిడ అనే అయ్యుంటుంది. నేను గ్రేస్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

హల్మోనీ ముందుకొచ్చింది. ఆకుపచ్చ పట్టు హన్‌బోక్‌లో, అదే వాళ్ళ సంప్రదాయ దుస్తుల్లో, ఆవిడ నాకంటే పొడుగ్గా కనిపించింది. ఒక్క వాక్యం చెప్పింది. గ్రేస్ నా చెవిలో తెలుగూ ఇంగ్లీషూ కలిపి చెప్పింది, "పుట్టింటివాళ్ళు వచ్చారు, ఫ్రమ్ ద క్వీన్స్ సైడ్."

పెదతాత కర్రని మనవడికిచ్చి, నడుము వంగినంతవరకూ వంగి నాకు నమస్కారం చేశాడు. వెనక ఉన్న కిమ్‌లందరూ వంగారు. బాపట్ల పిల్లనైన నేను రెండు చేతులూ జోడించి నిలబడ్డాను. పాస్టరుగారు లోపల ఈ పిల్లని ఎవరు ఇస్తున్నారు అని అడిగినప్పుడు "మేము" అన్నాం, హల్మోనీ ఒక పక్క, నేను ఒక పక్క. మా తెలుగు క్వాయర్ పాట ఎత్తుకుంది. మూడో వరసలో మార్గరెట్ ముక్కు చీదుకోవడం నేను చూశాను. తర్వాత అడిగితే ఎలర్జీ అంది.

ఆ సోమవారం నుంచి మా క్లినిక్‌లో ఒక పద్ధతి మారింది. వంశవృక్షం గీయకముందే వచ్చినవాళ్ళని ఒక ప్రశ్న అడగాలని మార్గరెట్ రూలు పెట్టింది. "మీ ఇంట్లో ఎవరు ఎవరిని చేసుకోకూడదు, చేసుకుంటే ఏమవుతుందని భయపడతారు?" జవాబు అయ్యేవరకూ పెన్ను ముట్టుకోకూడదు, కుర్చీలోంచి లేవకూడదు. ఆవిడ రిటైరయ్యేదాకా అది పాటించింది. నేనూ పాటించాను. ఇప్పుడు అక్కడికి వెళ్ళే పిల్లలు ఇంకా అడుగుతున్నారని విన్నాను.

వెల్లుల్లి కారం

గ్రేస్‌కి మొదట కొడుకు పుట్టాడు. వాడు కిమ్. ఈమధ్య కూతురు పుట్టింది. ఆస్పత్రిలో పేరు చెప్పేటప్పుడు డేనియల్, గ్రేస్ ఒకరినొకరు చూసుకుని, పాపకి హో అని ఇంటిపేరు పెట్టారు. ముందే అనుకున్నారట. పెదతాతని అడిగితే, మొదటి రాజుగారే ఇచ్చినప్పుడు నేనెవర్ని వద్దనడానికి అన్నాడట. కొరియాలో లక్షల్లో ఉన్న హోలకి టెక్సాస్‌లో ఇంకొకతి కలిసింది. ఆ వార్త హల్మోనీకి చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆవిడ పాపని ఎత్తుకుని, పైకి, సీలింగ్ వైపు చూసి, కొరియన్‌లో భర్తతో ఏదో చెప్పింది. ఎవరినీ అడగకుండానే నాకు అర్థమైంది.

బాలింతకి హల్మోనీ సముద్రపు నాచుతో పులుసు కాస్తుంది. పుట్టింటివాళ్ళం కదా, నేను తెలగపిండి కూర, వెల్లుల్లి కారం పట్టుకెళ్ళాను. హల్మోనీ ముందు తను రుచి చూడనిదే గ్రేస్‌కి పెట్టనివ్వదు. వేడి అన్నంలో కారం కలుపుకుని, ఒక ముద్ద తిని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఇంకో ముద్ద తింది. తర్వాత డబ్బాని రెండు చేతులతో పట్టుకుని అంది.

"రాణిగారు ఓడలో ఇదే తెచ్చి ఉంటుంది."

ఆ రోజుల్లో మిరపకాయ మన దేశానికే రాలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆవిడ అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఆవిడ అడగలేదు.

"తెచ్చే ఉంటుంది" అన్నాను, ఇంకాస్త అన్నం వడ్డిస్తూ.